కన్యకమ్మ పంపిన గోల

ఆదోని, నవంబరు 1938

పూజ్యురాలైన అక్కయ్య కన్యకమ్మకు, తమ్ముడు బాలకృష్ణయ్య ఆదోని నుంచి నమస్కారాలు చేసి రాసేది. ఇక్కడ నేను, మీ మరదలు కృష్ణకుమారి, పిల్లలు, పత్తి వ్యాపారం అందరం క్షేమం. క్షేమంగా లేనిది మా ఫుట్‌బాల్ క్లబ్బు ఒక్కటే.

నేను ఆ క్లబ్బుకు కార్యదర్శినని నీకు తెలుసు కదా. మొన్న ఆదివారం గుంతకల్లు రైల్వేవాళ్ళతో పోటీ జరిగింది. వాళ్ళు ఆరు పెట్టారు. మావాళ్ళు ఒక్కటి కూడా పెట్టలేకపోయారు. అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది, మధ్యలో ఒకటే బంతి. బంతిని చేత్తో ముట్టుకోకూడదు, కాలితోనే తన్నాలి. మావాళ్ళు బంతి దగ్గరికి చేరేలోపల గుంతకల్లువాళ్ళు లాక్కొని పోతారు.

అది కూడా ఓర్చుకుంటాను అక్కయ్యా. చూడడానికి వచ్చినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకాయన దారి తప్పి వచ్చాడు. మైదానం పత్తి ఒలిచే జిన్నింగు ఫ్యాక్టరీ షావుకారుది. "జనమే రాని చోటు మీకెందుకప్పా? పత్తి దిగే యాళకు మైదానం నిండల్యా అంటే నా మూటలు ఆడ ఏసుకుంటా" అన్నాడు. మైదానం పోతే క్లబ్బు లేదు. పగలంతా పత్తిదుమ్ము మింగే మావాళ్ళకు ఉన్న సంతోషం ఆ ఒక్క సాయంత్రమే.

మీ ఎమ్మిగనూరు జాతరకు అంత జనం వస్తారు కదా. జనాన్ని రప్పించే ఉపాయం ఏదైనా ఉంటే పంపు.

నీ తమ్ముడు,
బాలకృష్ణయ్య

తా.క. దారి తప్పినాయన కూడా సగంలోనే దారి కనుక్కొని వెళ్ళిపోయాడు.


ఎమ్మిగనూరు

చిరంజీవి బాలకృష్ణయ్యకు అక్క కన్యకమ్మ దీవించి రాసేది. నీ ఉత్తరం చదివినప్పటినుంచి నా గుండె కుదురుగా లేదు.

ఇంటికి వచ్చినవాళ్ళు ఆరు రకాలు పెడితే మీరు ఒక్కటి కూడా పెట్టలేదా? ఇరవై ఇద్దరిని ఒకే బంతిలో కూర్చోబెట్టి, ఆ బంతినే కాళ్ళతో తన్నుతారా? అన్నం ముందర కాలు ఎత్తడం మన వంశంలో ఉందా నాయనా? విస్తళ్ళు లాక్కొని పోతే ఆ గుంతకల్లువాళ్ళు మాత్రం ఏం మనుషులు? చూడడానికి ఇద్దరైనా వచ్చారని ఆశ్చర్యపోయాను.

మీ బావ సంగతి నీకు తెలుసు. నూలు బేరంలో కూడా ఆయన గొంతు ఎదుటివాడికి వినపడదు, రెండుసార్లు అడగాలి. అలాంటి మనిషి ఉత్తరం విని, "పాపం, ఆకలి మీద ఉండారేమో" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. మా వంటమనిషి లక్ష్మప్పను మూకుడుతో, బొరుగుల మూటతో, మిరపకాయలతో శనివారం బస్సు ఎక్కిస్తున్నాను. బొరుగులతో ఉగ్గాని, మిరపకాయలతో బజ్జీలు చేసిపెడతాడు. కడుపు నిండినవాడు బంతిని తన్నడు.

మీ అక్క,
కన్యకమ్మ

తా.క. చేత్తో ముట్టుకోకూడదనే నియమం ఎవరు పెట్టారో గాని, ఉగ్గాని చేత్తోనే తినాలని మీవాళ్ళకు చెప్పు.


ఆదోని

అక్కయ్యకు తమ్ముడి దండాలు. నీ దయవల్ల జనం వచ్చారు. ఎలా వచ్చారో రాస్తాను.

ముందు ఒక మాట. మేము తన్నేది భోజనాల బంతిని కాదు. తోలుతో కుట్టి గాలి ఊదిన చెండును. మన వైపు చెండు అంటారని మరిచిపోయి పుస్తకాల మాట రాశాను. తప్పు నాదే.

గుంతకల్లువాళ్ళు మళ్ళీ ఆటకు వచ్చిన రోజు లక్ష్మప్ప మైదానం పక్కన మూడు రాళ్ళు వేసి మూకుడు పెట్టాడు. బజ్జీ వాసన కోటకింద దాకా పోయినట్టుంది. నేను ఆదోనిలో ఎన్నడూ చూడనంత జనం వచ్చి, మూకుడు వైపు తిరిగి కూర్చున్నారు. ఆటకు అందరి వీపులే కనబడ్డాయి. మా జట్టు నాయకుడు సుంకప్ప, జిన్నింగు ఫ్యాక్టరీలో తూకం వేసేవాడు, ఆ వీపులు చూసి ఉక్రోషంతో చెండును ఒక్క తన్ను తన్నాడు. అంత గట్టి తన్ను అతడు ఎన్నడూ తన్నలేదు. అది గుంతకల్లువాళ్ళ తలల మీదుగా పోయి, కాగే నూనెలో పడింది.

"బజ్జీలు ఏసే సట్టిలో తోలు ఏసినారు గదప్పా" అని లక్ష్మప్ప నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. రిఫరీ మా డ్రిల్లు మాస్టరు వెంకటేశులు. ఆయన నియమాల పుస్తకం అంతా తిప్పి, చెండు వేగితే ఏం చెయ్యాలో అందులో లేదని ఆట ఆపేశాడు.

ఇప్పుడు జనానికి కొరత లేదు. వాళ్ళు ఇటు తిరగాలి, అంతే. మావాళ్ళకు గోలు చెయ్యడం చేతకాదు. ఒక్క గోలు చేస్తే చాలు, జనమంతా ఇటే చూస్తారు. మీ వైపు గోలు చెయ్యడంలో ఆరితేరినవాళ్ళు ఎవరైనా ఉంటే తప్పక పంపు.

నీ తమ్ముడు,
బాలకృష్ణయ్య

తా.క. ఆ వాయి బజ్జీలు పారేయమన్నాను. అప్పటికే జనం తినేశారు. ఈ వాయే బాగుందన్నారు.


ఎమ్మిగనూరు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

తోలు మునిగిన నూనెలో వేగిన బజ్జీలు ఊరంతా తిన్నారా? ఆ మాట దగ్గర ఉత్తరం నా చేతిలోంచి జారిపోయింది. లక్ష్మప్పను పెరట్లో నిలబెట్టి తలమీద నీళ్ళు పోయించి గాని లోపలికి రానివ్వలేదు. మూకుడు ఇప్పటికీ వీధిలోనే ఉంది. మీ బావ రెండు పూటలు మజ్జిగ తాగి ఊరుకున్నాడు.

పోయినసారి నేను తొందరపడి అర్థం చేసుకున్నాను. ఈసారి జాగ్రత్తగా చదివాను. చిన్నప్పటినుంచి నీకు అక్షరాలు తిన్నగా రావు. గోల అని రాయవలసిన చోటల్లా ల కింద కొమ్ము తగిలించి గోలు, గోలు అని రాశావు. అయినా అక్కను కాబట్టి అర్థమైంది. జనం ఇటు తిరగాలంటే గోల చెయ్యాలి. నిజమే. అది మీవాళ్ళకు చేతకాదంటే నాకు జాలి వేసింది.

మా ఊళ్ళో హుసేనప్ప డప్పుల జట్టు ఉంది. మా పక్కనున్న ఉరుకుంద జాతరలో వాళ్ళు వాయిస్తుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. జట్టునంతా పంపుతున్నాను. ఎవరు ఏం చెప్పినా ఆపవద్దని గట్టిగా చెప్పాను.

మీ అక్క,
కన్యకమ్మ

తా.క. డప్పులు కూడా తోలువే. పొయ్యి దగ్గరికి పోనివ్వద్దు.


ఆదోని

అక్కయ్యకు నమస్కారాలు. చెవుల్లో ఇంకా మోత ఉంది, అక్షరాలు వంకరగా వస్తే మన్నించు.

గోలు అంటే గోల కాదు. రెండు గుంజల నడుమనుంచి చెండును తన్నడం. ఇది ఇప్పుడు చెప్పి లాభం లేదు.

హుసేనప్ప ఆట మొదలైనప్పుడు మొదలుపెట్టాడు. మాస్టరు ఈల ఊదితే ఆయన బుగ్గలు ఉబ్బడం కనబడిందే గాని ఈల వినపడలేదు. సగం ఆట అయినట్టు ఎవరికీ తెలియలేదు. మొత్తం ఆట అయినట్టు కూడా తెలియలేదు. అందరూ పరిగెత్తుతూనే ఉన్నారు. జనం లేచి మైదానంలోకి వచ్చి చిందులు వేశారు. వాళ్ళ మధ్యన చెండు ఎటు పోయిందో ఇంతవరకు దొరకలేదు. నేను వెళ్ళి హుసేనప్ప చెయ్యి పట్టుకుంటే, "గోల సేయమని అమ్మ పంపినాది. నిలపమని ఎవురూ సెప్పల్యా" అన్నాడు.

చివరికి గుంతకల్లువాళ్ళకు బండి తప్పిపోయింది. పదకొండుమందికీ మా ఇంట్లోనే భోజనాలు. కృష్ణకుమారి నాతో మాట్లాడడం లేదు.

అయినా షావుకారు వచ్చి, జనాన్ని చూసి తల ఊపాడు. అది మంచి గుర్తే అనుకుంటున్నాను. వచ్చే ఆదివారం బళ్ళారివాళ్ళతో కప్పు కోసం తలపడుతున్నాం. గెలిస్తే కప్పు మనకే ఉంటుంది. ఓడితే బళ్ళారివాళ్ళు అదేరోజు కప్పు ఎత్తుకొని పోతారు. దయచేసి ఇంక ఏమీ పంపవద్దు.

నీ తమ్ముడు,
బాలకృష్ణయ్య

తా.క. కప్పు ప్రస్తుతం మా ఇంట్లోనే ఉంది. కృష్ణకుమారి దాన్ని చూసినప్పుడల్లా, పోతే పోనీ, ఇల్లు విశాలమవుతుంది అంటుంది.


ఎమ్మిగనూరు

బాలకృష్ణయ్యకు. దీవెనలు తర్వాత.

ఇంటికప్పు పందెం పెట్టావా? నాయన దగ్గరుండి వేయించిన మిద్దె. ఆ దూలాలు బండిమీద వచ్చిన రోజు నువ్వు ఉయ్యాలలో ఉన్నావు, నేను దగ్గర నిలబడి చూశాను. బళ్ళారివాళ్ళు ఎత్తుకొని పోతుంటే నువ్వు చూస్తూ నిలబడతావా? పిల్లలు చుక్కల కింద పడుకుంటారా? ఇల్లు విశాలమవుతుంది అన్నదంటే ఆ పిల్లకు దుఃఖంతో మతి చలించింది. నాకు అర్థమైంది, నీకు కాలేదు.

ఉత్తరం వినగానే మీ బావ లేచి నిలబడ్డాడు. కండువా వేసుకున్నాడు. "నేను పోతాండా" అన్నాడు. వీధి చివరి మగ్గం దగ్గరి వాళ్ళకు కూడా వినపడింది. పెళ్ళయినప్పటినుంచి ఆయన నోట అంత పెద్ద మాట నేను వినలేదు. అన్నం తిని పొమ్మన్నా ఆగలేదు.

నేను ఏమీ పంపలేదు. ఆయనే వస్తున్నాడు.

కన్యకమ్మ

తా.క. దూలాలు టేకువి. బళ్ళారివాళ్ళు అడిగితే వేపవని చెప్పు.


ఆదోని

అక్కయ్యకు తమ్ముడు సాష్టాంగపడి రాసేది. మిద్దె పదిలంగా ఉంది. కప్పు అంటే పందెంలో ఇచ్చే వెండి గిన్నె; మా పాత జట్టు ఎప్పుడో గెలిచింది, కార్యదర్శినని మా ఇంట్లో పెట్టారు. దానికి రెండు చెవులు ఉంటాయి, అంతే.

బావ వచ్చేసరికి ఆట నడుస్తూ ఉంది. "కప్పు యాడుంది?" అని అడిగాడట. ఎవరో గుంజల వైపు చెయ్యి చూపి, "ఆడ చెండు పడితే కప్పు పోయినట్లే" అన్నారట. బావ తిన్నగా మైదానం మధ్యనుంచి నడిచి వచ్చి, మా గుంజల నడుమ బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

వెంకటేశులు మాస్టరు లేవమని బతిమాలాడు. "మా బామ్మర్ది ఇల్లప్పా ఇది. నేను లెయ్యను" అన్నాడు బావ. లేపబోతే జనమంతా ఒక్కసారి లేచి, "ఆ పెద్దాయప్ప మీద చెయ్యి ఏస్తే బాగుండదు" అన్నారు. బళ్ళారి నాయకుడు నవ్వి, "ఇర్లి బిడి" అని వెనక్కి పోయాడు. కన్నడంలో ఉండనీలే అని.

వాళ్ళు తన్నిన చెండు ఒకసారి బావ రొమ్మున తగిలింది, ఒకసారి తలపాగా మీద తగిలింది. ఆయన కళ్ళు మూసుకొన్నాడే గాని కదలలేదు. అక్కయ్యా, ఆ రోజు ఒక్క వీపు కూడా నాకు కనబడలేదు. అందరి ముఖాలూ ఆటవైపే ఉన్నాయి. ఎవరూ గోలు చెయ్యలేదు. కప్పు ఉన్నచోటనే ఉండనిమ్మన్నారు. ఇంటికి వచ్చి బావ నిచ్చెన వేసుకొని మిద్దె ఎక్కి, ఒక్కొక్క దూలం తట్టి చూసి, అప్పుడు మంచినీళ్ళు తాగాడు.

ఇంక అసలు సంగతి. మర్నాడు షావుకారు పిలిపించాడు. మైదానం మాకే అని చెబుతాడనుకొని సుంకప్పను కూడా తీసుకొని పోయాను. "ఇంతమంది జనం వచ్చే జాగా నాకుందని నాకే తెల్దప్పా. టూరింగు టాకీసు డేరా ఎత్తిస్తా" అన్నాడు. పొద్దున్నే గుంజలు పీకించేశాడు. జనం రాక పోవలసిన మైదానం, జనం వచ్చి పోయింది. సుంకప్ప బళ్ళారి ఆటకని కొన్న మా కొత్త చెండును బావ చేతిలో పెట్టి, "నువ్వన్నా కప్పును కాపాడినావు, ఇది నీకాడే ఉండనీ" అని గబగబా వెళ్ళిపోయాడు. 

నీ తమ్ముడు,
బాలకృష్ణయ్య

తా.క. టాకీసులో మొదటి ఆటకు నాకు ఉచితంగా టిక్కెట్టు ఇస్తానన్నాడు. పోను.


ఎమ్మిగనూరు, జనవరి 1939

చిరంజీవి తమ్ముడు బాలకృష్ణయ్యకు, అతని జట్టు పదకొండుమందికి అక్క దీవెనలు.

మైదానం పోయిందని చదివాను.  ఇప్పుడు దానికి ఉపాయం దొరికింది. కూర్చొని చదువు.

మీ బావ ఆ చెండును ఒళ్ళో పెట్టుకొని రెండు రోజులు నూలు ఆరబెట్టే బయలులో కూర్చున్నాడు. మూడో రోజు ఆయన కునుకు తీస్తుంటే అది దొర్లి, తడి నూలు మీదికి పోబోయింది. మగ్గాలకు నూలు కండెలు చుట్టే దేవక్క నూలు పాడైతుందని దాన్ని కాలితో ఒక్క తోపు తోసింది. అది పోయి ఆమెతో పనిచేసే హులిగమ్మ ముందర పడింది. ఆమె తిరిగి తోసింది. అక్కడినుంచి ఇద్దరూ పని మానేశారు. కేకలు వేద్దామని నేను పరుగున పోయాను. చెండు నా కాళ్ళ దగ్గరికి వచ్చింది.

ఏం చెప్పమంటావు నాయనా. నేనూ తన్నాను. బొటనవేలు వాచింది. గోడమీది బెల్లంకుండ పగిలింది. నా జన్మలో అంత హాయి నేను ఎరగను.

ఇప్పుడు మేము పదకొండుమందిమి ఉన్నాము. సందకాడ కండెలు దించగానే మొదలుపెడతాము. మీ బావ ఈల ఊదుతాడు. గొంతులో లేని బలం ఆయన ఊపిరిలో ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. జనం సంగతి అడగవద్దు. సంతకు వచ్చినవాళ్ళు సంత మరిచిపోయి గోడలెక్కుతున్నారు. ఊరి పెద్దలు నలుగురు వచ్చి, "ఇదేం పనమ్మా, ఆడోళ్ళు సెండు తన్నేది యాడన్నా ఉందా?" అన్నారు. వాళ్ళకు మజ్జిగ ఇచ్చి ముందు వరసలో చాపలు వేశాను. రోజూ అందరికంటే ముందు వాళ్ళే వస్తున్నారు.

బయలు మాది. ఎవరూ డేరా వేయలేరు. వచ్చే ఆదివారం సుంకప్పను, మీవాళ్ళందరినీ పిలుచుకొని రా. మాతో ఆడండి. తర్వాత ప్రతి ఆదివారం ఈ బయలు మీది కూడా. కృష్ణకుమారిని తప్పక తీసుకొని రా, మాకు కుడిపక్క గట్టిగా తన్నే మనిషి లేదు.

మీ అక్క,
కన్యకమ్మ

తా.క. ఒక నియమం గురించి తగాదా ఉంది, మాస్టరును అడిగి రాయి. నిన్న చెండు హులిగమ్మ కుచ్చిళ్ళలో చిక్కుకొంది. ఆమె ఎవరికీ చెప్పకుండా నిమ్మళంగా గుంజల నడుమదాకా నడిచి పోయి, అక్కడ చీర దులిపింది. అది గోలేనని నేను తీర్పు చెప్పాను.