గోడ అవతల కేక

కావన్, ఐర్లండ్,
2014 నవంబరు

ప్రియమైన కన్సెప్టా,

మొన్న చర్చిలో పూజకి కూడా వెళ్ళలేదట, మోకాలు మళ్ళీ తిరగబెట్టిందా? నీతో ఒక పని పడిందే. అరవై మూడులో నా కాన్పుకి కడుపు కోయకుండా కటి ఎముకని మధ్యకి రంపంతో కోశారు కదా. అలా కోయించుకున్న ఆడవాళ్ళకి ప్రభుత్వం పరిహారం ఇస్తానంటోంది, డిసెంబరు ఐదులోగా అడగాలి. నా కాగితాలు ఆసుపత్రిలో లేవట. డాక్టరు ఎప్పుడో పోయాడు. నా ఎముక ఎక్స్‌రేలో అతుక్కున్నట్టే కనిపిస్తోందని నా వకీలు పెదవి విరిచాడు. అక్కడున్నవాళ్ళు ఎవరైనా సాక్ష్యం చెప్పాలన్నాడు. ఆ వార్డులో ఉన్నది మనిద్దరమే కదా.

నీ సంగతి నేనడగను. నువ్వెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నీ
డింప్నా

డండాక్

ప్రియమైన డింప్నా,

సాక్ష్యం చెప్పమని నన్ను బతిమాలాలా? ఏ జడ్జి ముందైనా చెబుతాను. నన్ను గోడ పక్కన నిలబెట్టారు. గోడ అవతల నువ్వు, "అమ్మా, నన్ను కోసేస్తున్నారే" అని అరిచావు. ఆ తర్వాత రంపం చప్పుడు. ఇప్పటికీ పక్కింటాయన కట్టెలు కోస్తే నేను ఇంట్లో ఉండలేను. ఏటా చనిపోయినవాళ్ళని తలుచుకునే ఈ నవంబరు నెలలో నీకోసం కొవ్వొత్తి వెలిగిస్తాను. బతికున్న మనిషికి ఇదేమిటమ్మా అని ఫాదర్ నవ్వుతాడు.

నా సంగతి ఏముందే? కీళ్ళవాతం. అప్పుడు మా అబ్బాయి డెక్లన్ పుట్టినప్పుడు పట్టుకుంది, వదల్లేదు. దగ్గితే బట్టలు తడుస్తాయి. బాతు నడక అని మా ఆయన పోయేదాకా ఏడిపించాడు. ఒక్క కాన్పుకే ఇంత గోలా అనేది మా అత్త.

నీ
కన్సెప్టా

కావన్

కన్సెప్టా, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నాలుగు రోజులు జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు రాసింది రాసినట్టు చెబితే చాలు, నా డబ్బు ఖాయం అన్నాడు వకీలు. ఆయనకి అసలు సంగతి చెప్పకుండా వచ్చేశాను.

నేను అరవలేదే. నిన్నే ముందు తీసుకెళ్ళారు. నేను మంచం మీద ఉన్నాను. నీ కేక వినపడకుండా గట్టిగా జపమాల చెప్పమని సిస్టర్ నా చెవి దగ్గర కూర్చుంది. "అమ్మా, నన్ను కోసేస్తున్నారే" అన్నది నువ్వు. అది విన్నాను గనకే నా వంతు వచ్చినప్పుడు దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. తర్వాత ఇద్దరికీ ఒకేలా నడుముకి పట్టీ బిగించారు. నీకు తెలుసనే అనుకున్నాను. మాట్లాడటం ఇష్టం లేదేమో అనుకున్నాను. మన కాలంలో ఎవరు మాట్లాడారు గనక.

సాక్ష్యానికి నా కోసం వెళ్ళకు. నీ కోసం వెళ్ళు. ఎక్స్‌రే తీయించుకో.

నీ
డింప్నా

డండాక్

ప్రియమైన డింప్నా,

నీకు మతి పోయిందని తిట్టుకున్నాను. ఉత్తరం పొయ్యిలో పడేయబోయాను. చివరికి డెక్లన్ తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే చూసి ఆ డాక్టరమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "ఎప్పుడు చేశారమ్మా ఇది?" అంది. నా ఎముక ఇప్పటికీ కలవలేదు. వాడు కారులో కూర్చుని తాళం తిప్పకుండా, "నేను పుట్టినప్పుడేనా అమ్మా?" అన్నాడు. నీ తప్పు కాదురా అన్నాను. అప్పుడు తాళం తిప్పాడు.

ఆ గోడ ఉందని ఇప్పటికీ ఒట్టు వేయగలనే. దాని చలి నా వీపుకి తెలుసు. ఆ పక్కన నిలబడ్డది ఎవరు మరి? యాభై ఏళ్ళు నీ మీద పడ్డ జాలంతా ఎవరి మీద? నాకు భయంగా ఉంది.

నీకు సాక్షినై నీ కేక విన్నానని చెప్పలేను ఇక. నీ నడుముకి పట్టీ చూశాను, పక్క మంచం దాకా నువ్వు పాకడం చూశాను. అది చెబుతాను. సరిపోతుందో లేదో తెలియదు.

నేనూ దరఖాస్తు పెడుతున్నాను. ఆ గదిలో ఏం జరిగిందో వకీలు ముందు నా నోటితో చెప్పమంటున్నారు. నాకు గోడ తప్ప ఏమీ గుర్తు లేదు. శుక్రవారం బస్సుకి రా. నా పక్కన కూర్చుని నువ్వే చెప్పు, నేను కూడా వింటాను.

నీ
కన్సెప్టా