కుంచెడు తవుడుకి పౌరసత్వం

లా కాలేజీ హాస్టల్, విజయనగరం,
జూన్ 9

పూజ్యురాలైన శ్యామలాంబ బామ్మకు కౌముది నమస్కరించి వ్రాయు విన్నపం,

ఫోనులో నీకు సగం మాటలే వినబడతాయి. ఆ సగంతోనే తీర్పు చెప్పేస్తావు. కనుక ఉత్తరమే శరణ్యం. ఆగస్టులో కొలంబోలో జరిగే చర్చా పోటీలకు మా కాలేజీ నన్ను ఎంపిక చేసింది. పాస్‌పోర్టుకు వెళితే అధికారి నా జనన పత్రం తిప్పి చూసి, "పుట్టింది మస్కట్‌లో. మీరు భారతీయులని రుజువేదమ్మా?" అన్నాడు.

తండ్రి భారతీయుడు, కనుక నేనూ భారతీయురాలినే అని వాదించాను. కానీ 2004 డిసెంబరు తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోగా మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలని చట్టం. నేను పుట్టింది 2005 ఫిబ్రవరిలో. చేయించారా? చేయించకపోతే ఇరవై ఏళ్లుగా నేను ఏ దేశపు మనిషిని? ఏడాది పిల్లగా ఏ కాగితం మీద విమానమెక్కానో కూడా నాకు తెలియదు. అన్నం సహించడం లేదు.

మస్కట్‌కు ఫోను చేస్తే నాన్న, "మీ బామ్మకు ఒట్టేశాం, ఆవిడనే అడుగు" అని నవ్వి పెట్టేశారు. ఇందులో నవ్వవలసినదేమిటి? నెలాఖరులోగా రుజువు చూపాలి.

నీ మనవరాలు,
కౌముది

తా.క. మూఢాచారాలపై మొన్నటి వక్తృత్వ పోటీలో మొదటి బహుమతి నాదే. నీవి నాలుగు ఉదాహరణలు వాడుకున్నాను. నీ పేరు చెప్పలేదులే.


శ్రీముఖలింగం,
జూన్ 13

సిరంజీవి కౌముదికి మీ బామ్మ దీవించి రాసేది,

ఉత్తరం అందినాది. ఏటే ఈ కంగారు? అసలు మీ నాన్న దత్తుడి కూతురివని ఆఫీసులో ఎందుకు సెప్పీసేవు? నిన్ను అమ్మీసేం గదా!

నీకు ముందు ఇద్దరు పురిట్లోనే పోనారు. అందుకే నీ పురుడుకి నేను మస్కట్ వచ్చీసేను. పుట్టిన మూడోనాడు, పక్క వాటాలో ఎర్రన్న పెళ్లాం ధనలక్ష్మికి కుంచెడు తవుడుకి నిన్ను అమ్మీసేను. అమ్మీసిన పిల్ల మనది కాదు, మన గుమ్మంలో మృత్యువుకి పనేటి? బతికేవా లేదా? ఏడాది నిండాక దాని సేతుల మీదే నిన్ను విమానంలోన తెచ్చేం. తిరిగి కొనుక్కోవాల. అది బొబ్బిలి ఎల్లిపోనాది, అలాగ ఉండిపోనాది. కొనీవరకూ నీకు సెప్పొద్దని మీ నాన్న సేత ఒట్టేయించేను. నేను సెప్పొచ్చు. అమ్మింది నేనే గదా.

ఇట్లు,
మీ బామ్మ

తా.క. ఆ తవుడు కూడా ఇక్కడినుంచి నేనే పట్టుకెళ్లేను. విమానాల కాడ ఇదేటని అడిగితే మొహానికి రాసుకునే పౌడరన్నాను. ఆ పోలీసు పిల్ల కాస్త రాసుకుని సూసింది.


విజయనగరం,
జూన్ 17

బామ్మకు సవినయంగా, సక్రోధంగా,

బియ్యానికైనా కాదు, తవుడుకి! చట్టం దృష్టిలో ఈ అమ్మకం చెల్లదు. కానీ ఈ మాట బయటపడితే నా తల్లిదండ్రులెవరన్నదే మొదటి ప్రశ్న అవుతుంది, నా వాదం పునాదితో సహా కూలుతుంది. రెండు పనులు చెయ్యి. ఈ అమ్మకం గురించి ఎక్కడా నోరు విప్పకు. నేను నాన్న కూతురినని చూపే కాగితం ధనలక్ష్మి గారి వద్ద ఏదైనా ఉందేమో కనుక్కో. కాగితం, బామ్మా, కాగితం! లేకపోతే నేను ఎవరికీ చెందను.

కౌముది

తా.క. నిజంగా కుంచెడేనా? పూర్తి కుంచమేనా?


శ్రీముఖలింగం,
జూన్ 22

సిరంజీవికి దీవెనలు,

నువ్వు అడిగినట్టే సేసేను. మన ఊరి భాస్కర్ ఆటోలో బొబ్బిలి పోయేను. ధనలక్ష్మి పిండిమిల్లు నడుపుతన్నాది. దాని మిల్లులోనే కుంచెడు తవుడు కొని, దానికే ఇచ్చి, నిన్ను తిరిగి కొనీసేను. కాగితం కాగితం అన్నావని స్టాంపు కాగితం మీద రాయించేను: 'కౌముది అను ఆడపిల్లను కుంచెడు తవుడుకి తిరిగి కొనడమైనది.' ధనలక్ష్మి వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. నీకెందుకు శ్రమని నేరుగా నీ పాస్‌పోర్టు ఆఫీసుకే పంపీసేను. నోరు విప్పకన్నావు, విప్పలేదు. అంతా రాతలోనే.

మీ బామ్మ

తా.క. పూర్తి కుంచమే. తలకొట్టి కొలిచేను. ధనలక్ష్మి ఏదో పాత కవరు ఇచ్చినాది, ఇంగిలీషులో ఉన్నాది. దీంతో పంపుతన్నాను.


విజయనగరం,
జూన్ 28

బామ్మకు, ఓడిన వాది నమస్కారాలతో,

నీ కవరు అందిన పూటే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. విప్పకుండానే పరుగెత్తాను. అధికారి బల్ల మీద నీ స్టాంపు కాగితం! "మనిషిని కొన్నామని రాసి పంపింది ఇన్నేళ్లలో మీరొక్కరే. ఇది ఏ సెక్షను కిందికొస్తాదో తెలుసా?" అన్నాడు. తెలుసు. అయినా ఇరవై నిమిషాలు వాదించాను. బహుమతి తెచ్చిన నా ప్రసంగానికి సరిగ్గా ఎదురు పక్షం. నీ నాలుగు ఉదాహరణలూ నీ తరఫున వాడాను. ఆయన అంతా విని, "ఆ సేతిలో కవరేటమ్మా?" అన్నాడు.

విప్పాను. రాయబార కార్యాలయం వారి నమోదు పత్రం. తేదీ 2005 డిసెంబరు, ఏడాదిలోపే. తండ్రి దత్తాత్రేయ, బిడ్డ భారత పౌరురాలు. దానికి గుచ్చిన చిన్న పాస్‌పోర్టులో బుగ్గన దిష్టిచుక్కతో నేనే. పేరు: తవిటమ్మ.

అక్కడినుంచే ధనలక్ష్మి గారికి ఫోను చేశాను. "కాగితాల్లేక మా ఆయన్ని ఆ దేశంలోన వారం రోజులు జైల్లో పెట్టీసేరమ్మా. నేను కొన్న పిల్లకి కాగితం లేకపోతే ఎలాగ? అందుకే మీ నాన్నని ఈడ్సుకెళ్లి రాయించేను. ఏడాది లోపల అసలు పేరు పలకొద్దని మీ బామ్మ ఒట్టు, మరేటి సేస్తాం?" అంది. కన్నవాళ్లు మరిచిన చట్టం కొన్నావిడకు గుర్తుంది, బామ్మా. ఫోనుకే దణ్ణం పెట్టాను. ఇది కాలేజీలో ఎవరికీ చెప్పకు.

కౌముది, తవిటమ్మ ఇద్దరం ఒకరమేనని ప్రమాణపత్రం ఇచ్చాను. "తవిటమ్మ గారూ!" అని హాలంతా వినబడేలా పిలిచారు. లేచి నిలబడ్డాను.

నీ మనవరాలు,
భారత పౌరురాలు,
తవిటమ్మ

తా.క. అధికారి నవ్వలేదు. సంతకం పెడుతూ, గొంతు తగ్గించి, "మీరు నయం, కొలిచి అమ్మేరు. నన్ను పెంటకుప్ప మీద పడేసి ఏరుకున్నారు" అన్నాడు. ఆయన పేరు పలక చూశాను. ఇంటి పేరు తర్వాత ఒక్క పొడి అక్షరమే ఉంది: 'పె.'