బుగ్గలో అతిమధురం

ఏప్రిల్ 11

నూట యాభై ఎనిమిది బై వంద. నర్సు రెండు చేతులకీ పట్టీ కట్టి చూసింది. నా వంక చూసింది, మెషీన్ వంక చూసింది, మళ్లీ కట్టింది. నాకు ఇరవై తొమ్మిదేళ్లు.

ఈ బీపీతో నా కిడ్నీ తీసుకోరట. కోఆర్డినేటర్ మెత్తగానే చెప్పింది. బ్లడ్ గ్రూపు కలిసింది, టిష్యూ కలిసింది, ఇంట్లో అక్కకి నేను తప్ప ఇంకెవరూ కలవలేదు. అన్నీ కలిసి బీపీ దగ్గర తన్నింది.

అక్కకి ఫోన్ చేసి అంతా బాగుంది, ఇంకో టెస్టు ఉందట అన్నాను. గొంతు వణకలేదు. డబ్బింగ్ చెప్పుకుని బతికేదాన్ని, ఆ మాత్రం రాకపోతే ఎలా.

ఏప్రిల్ 13

అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. గంటలో అక్కకి తెలిసిపోయింది.

ఇక నా బీపీకి కారణం తెలియని వాళ్లు లేరు. అమ్మ ఉప్పు అంది, అనడమే కాదు కూరల్లో మానేసింది. స్టూడియోలో ఎడిటర్ కాఫీయే అన్నాడు, చేతిలో కప్పు పట్టుకుని. బావ లిఫ్టుల మెకానిక్, ఏ మోటారైనా రెస్టు లేకపోతే వేడెక్కుతుందన్నాడు. అక్క మాత్రం కోపం అంది. నా ముక్కు మీద కోపాన్ని కిడ్నీతో పాటు తనకి అంటగట్టొద్దంది. డయాలసిస్ అయి వచ్చి, మంచం మీంచి లేవలేక, ఆ మాటంటూ నవ్వింది.

వచ్చేటప్పుడు ఎప్పటిలా అతిమధురం డబ్బా చేతిలో పెట్టింది.

ఏప్రిల్ 25

ఉప్పు లేదు, కాఫీ లేదు, కోపం కూడా వీలైనంత లేదు. నూట యాభై ఆరు.

ఏప్రిల్ 28

డయాలసిస్‌కి అక్కతో నేను వెళ్లాను. తనకి రోజుకి కొలిచి ఇచ్చే నీళ్లలోంచి గుక్కెడు నోట్లో పోసుకుని చాలాసేపు మింగకుండా ఉంచుకుంది. ఎందుకని అడిగితే, మింగితే అయిపోతుంది కదే అంది. కుదరకపోతే బెంగపడొద్దని నాకే ధైర్యం చెప్పింది. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. నిజం ఏడుపు ఇంత వికారంగా ఉంటుందని మైక్ ముందు ఎప్పుడూ తెలియలేదు.

మే 2

ఈ డాక్టరమ్మ చల్లగా ఉండాలి.

రక్తంలో పొటాషియం తక్కువుందట. ఈ వయసులో బీపీ ఊరికే రాదు, ఏదో ఉంటుంది, వెతుకుదాం అని కుర్చీ ముందుకి లాక్కుంది. కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడిందేమోనని ముందే స్కాన్ తీసి చూశారు, బాగానే ఉంది. నొప్పి బిళ్లలు వాడతానా, గర్భం రాకుండా వేసుకునేవి, ముక్కు దిబ్బడకి చుక్కలు, ఎనర్జీ డ్రింకులు, సన్నబడే పొడులు? రాత్రి గురక పెడతానా? ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే బీపీ వచ్చిందా? అన్నిటికీ లేదు, లేదు, లేదు. నోట్లోకి వెళ్లేవి ఇంకేమైనా? ఏమీ లేవండీ అన్నాను.

ఆవిడ కళ్లజోడు కిందికి దించి, మరి ఆ బుగ్గలో ఏమిటమ్మా అంది.

పుల్ల తీసి చూపించాను. అతిమధురం. తిండి కాదు, మందూ కాదు, గొంతుకి. మా డబ్బింగ్ వాళ్లందరి బుగ్గల్లోనూ ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కొత్త సీరియల్లో అరుపుల అత్తగారికి గొంతు ఇస్తున్నప్పటి నుంచి అయితే పొద్దున్న లేస్తే పడుకునే దాకా నములుతున్నాను.

అది ఎక్కువైతే ఒంట్లో ఉప్పుని పట్టి ఉంచి, పొటాషియంని బయటికి తోసేస్తుందట. బీపీ ఎక్కుతుందట. ఇదే కారణమని ఇప్పుడే ఒట్టు పెట్టి చెప్పలేనంది. మానేసి కొన్ని వారాలు ఆగాలి, అప్పటికీ దిగకపోతే వేరేవి వెతకాలి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దీన్ని బుగ్గన పెట్టుకునే ఇన్ని ఆస్పత్రి గదులు తిరిగాను.

మే 2, సాయంత్రం

సంతోషం దిగాక అసలు సంగతి తట్టింది. అక్కకి ఎలా చెప్పను?

నా మొదటి రికార్డింగ్‌కి గొంతు పోతే అక్కే తెచ్చింది అతిమధురం. ఇప్పటికీ డయాలసిస్ లేని రోజు కూర్చుని, పుల్లలు చెక్కు తీసి, వేలి కణుపంత ముక్కలు కోసి డబ్బాలో పోసి పంపుతుంది. తను నాకు చేయగలిగింది అదొక్కటే మిగిలిందని ఓసారి అంది. ఆ ముక్కలే తన కిడ్నీకి అడ్డం పడ్డాయని తెలిస్తే తట్టుకోలేదు.

అమ్మకి చెప్పలేదు, కారణం పైన రాశాను. బావకి చెప్పాను. బావ గట్టివాడు, మాట దాచుకుంటాడు.

మే 9

డబ్బా వచ్చింది. పారేయడానికి చేతులు రాలేదు. మూత తీస్తే నోట్లో వేసుకుంటానేమోనని భయం. స్టూడియో సొరుగులో పెట్టేశాను.

మే 30

నూట ముప్ఫై ఆరు బై ఎనభై ఎనిమిది. డాక్టరమ్మ తొందరపడొద్దంది. నేను గెంతలేదు, లిఫ్టు దాకా ఆగి గెంతాను.

సొరుగులో ఇంకో రెండు డబ్బాలు చేరాయి.

జూన్ 27

నిన్నంతా చేతికి బీపీ మెషీన్. ఉండుండి గుర్రుమని గాలి ఎక్కించుకునేది. అత్తగారు కోడల్ని శపిస్తుంటే మధ్యలో గుర్రు. ఎడిటర్ అది మోగినప్పుడల్లా రికార్డింగ్ ఆపి కాచుక్కూర్చున్నాడు. ఆయన్ని ఇన్నాళ్లూ స్టూడియో టైం దగ్గర పిసినారి అన్నాను. నోరు కడుక్కోవాలి.

ఇవాళ రిజల్ట్. సగటు నూట పద్నాలుగు బై డెబ్బై రెండు. పొటాషియం కూడా సరిగ్గా ఉంది. ఇక కిడ్నీ ఇవ్వడానికి అనుమతిచ్చే కమిటీ ముందుకి పంపుతారు. అమ్మ కూరలో ఉప్పు వేసింది, కొంచెం ఎక్కువే వేసింది. అమృతంలా ఉంది.

జూలై 24

రాయడానికి పొత్తికడుపు మీది కుట్లు ఒప్పుకోవడం లేదు. అయినా ఇది రాయాలి. అక్కకి మూత్రం వస్తోంది. బావ ఆ సంచీ ఫొటో ఫోన్‌లో తీసుకొచ్చి, పుట్టిన బిడ్డని చూపించినట్టు చూపించాడు.

ఆపరేషన్‌లో నోట్లోంచి గొట్టం వేశారు కదా, నా గొంతు బొంగురు. అక్క నీళ్లు తాగుతోందట. గ్లాసుడు. ఆపకుండా.

సెప్టెంబర్ 9

మళ్లీ స్టూడియో. నా సొరుగు దగ్గర చీమల బారు. డబ్బాలన్నీ బయటికి తీసి ఒక్కొక్కటే మూత తెరిచాను.

దేంట్లోనూ అతిమధురం లేదు. మే తొమ్మిదో తారీకు డబ్బా దగ్గర్నుంచీ అన్నిట్లోనూ పటికబెల్లం, వేలి కణుపంత ముక్కలుగా కొట్టి.

బావ నోట్లోనూ నువ్వుగింజ నానదన్నమాట.

చీమల్ని దులిపి ఒక ముక్క బుగ్గన పెట్టుకుని మైక్ ముందు కూర్చున్నాను. మొదటి టేక్‌కి గొంతు రాలేదు.