వాసన తెలుస్తోందా అమ్మాయ్

ఏమండీ,

మీకు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. వంతెన పని దగ్గర మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం అందింది. అడిగినవన్నీ ఒక్కొక్కటే చెబుతాను, మీ అలవాటు ప్రకారం ముందే చివరి పేజీకి దూకకండి.

ఆపరేషను చేసిన ముక్కులో రక్తం ఆగింది. తలనొప్పీ తగ్గుముఖం పట్టింది. నీళ్ళు బాగా మరిగించి చల్లార్చాకే వాడుతున్నాను, కుళాయి నీళ్ళు కాదు, ఆ భయం పెట్టుకోకండి. పొద్దునా సాయంత్రమూ అదే పని. గోరువెచ్చటి నీళ్ళలో ఆసుపత్రివాళ్ళిచ్చిన ఉప్పు పొట్లం కలిపి సీసాకెత్తుకుని, సింకు మీదికి కాస్త తల వంచి, నోరు తెరిచి ఒక ముక్కులోకి నొక్కితే రెండో ముక్కులోంచి వస్తాయి. మొదట్లో ఉక్కిరిబిక్కిరై ఏడ్చేదాన్ని. ఎండిన రక్తపు పెచ్చులు, జిగురు, ఇంకా పేరు తెలియనివి ఏవేవో పడేవి. నా తలలో ఇంత చెత్త ఉందా అని బెంబేలుపడితే, "ఉందని నాకెప్పుడో తెలుసు" అనేవారు మీ నాన్నగారు.

మామయ్య సంగతి కూడా అడిగారు. షుగరు మాత్రలు వేళకు వేసుకున్నారు. నేను బరువులెత్తకూడదు, వంగకూడదు అని డాక్టరు చెప్పిన రోజు నుంచి తన పక్క తనే దులుపుకున్నారు, తన బట్టలు తనే ఉతుక్కున్నారు. మిగతా వేళంతా కుట్టుమిషను ముందు కూర్చుని పాత దుప్పట్లకు అంచులు కుట్టేవారు. నేను ముఖం తుడుచుకుంటూ సింకు దగ్గర్నుంచి రాగానే, "వాసన తెలుస్తోందా అమ్మాయ్?" అని అడిగేవారు. "ఇంకా లేదు మామయ్యా" అంటే, "సరేలే, తొందరేముంది. ఎలాగూ కత్తి పెట్టాడుగా, ఆ డాక్టరు నీ ముక్కు మీద కోపం కూడా కోసి పారేసుంటే పోయేది" అని నవ్వేవారు. కన్నతండ్రి కూడా ఇలా రోజూ కనుక్కోడని మురిసిపోయాను.

ఒకరోజు పక్కింటావిడ, "మీ మామగారు మళ్ళీ పెళ్ళికొడుకయ్యారా ఏమిటి, సెంటు మా గుమ్మం దాకా గుప్పుమంటోంది" అంది. నేనూ నవ్వాను. మండే ఎండల్లో మేజోళ్ళెందుకని అడిగితే ఫ్యాను గాలికి పాదాలు చల్లబడుతున్నాయన్నారు. షుగరున్న కాళ్ళు, ఒక్కసారి చూపించండి అంటే మిషను బెల్టు తెగిందన్నారు, బెల్టు తెప్పిస్తే దారం అయిపోయిందన్నారు. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి. ఆయన సంగతి మీకు తెలియనిదా.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పడేసి లేచిపోయాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. పైన అందరం క్షేమం అని రాశాను చూడండి, అది చేతి అలవాటు. కొట్టెయ్యండి.

పోయిన వారం పొద్దున ముక్కు కడుగుతుంటే పెద్ద పెచ్చొకటి ఊడి సింకులో పడింది. తలెత్తగానే ఏదో వాసన తగిలింది. సన్నగా, తియ్యగా, చెడ్డగా. సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదండీ. ఏ వాసనైతేనేం, తెలిసింది కదా. చెత్తబుట్ట చూశాను, కాదు. ఎలుక చచ్చిందేమోనని బీరువా వెనక చూశాను, అక్కడా లేదు. "మామయ్యా, వాసన తెలుస్తోంది" అని కేకేసుకుంటూ ఆయన గదిలోకి నడిచాను. నడిచేకొద్దీ ఎక్కువైంది. ఆయన కుట్టడం ఆపి, రెండు కాళ్ళూ మిషను కిందికి లాక్కున్నారు.

మేజోడు నేనే విప్పాను. దాంతోపాటు చర్మమూ వచ్చింది. అరికాల్లో విరిగిన సూదిముక్క, చుట్టూ అంతా నల్లగా కుళ్ళిపోయి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలియదట, ఆ పాదానికి స్పర్శ ఎక్కడిది. బతుకంతా సూదులతోనే గడిపిన మనిషి. మిషను సొరుగు నిండా ఖాళీ సెంటు సీసాలు దొరికాయి.

"ఎందుకు దాచారు మామయ్యా?"

"నువ్వు బరువులెత్తకూడదన్నారుగా. నేను పడితే నన్నెవరెత్తుతారు? నీ ముక్కు మానేదాకా నెట్టుకొద్దామనుకున్నా."

అన్నాళ్ళూ ఆయన అడిగింది నా ముక్కు బాగుపడిందా అని కాదు. తన కాలి సంగతి నాకు తెలిసిపోయిందా అని. నా ముక్కు పనిచేసి ఉంటే ముందే పట్టేసేదాన్ని. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా గోడకు తల బాదుకోవాలనిపిస్తోంది.

ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కింద తీసేశారు. మీ బదులు నేనే సంతకం పెట్టాను. చెబుదామని ఫోను చేశాను కూడా. మీ గొంతు వినగానే ముక్కు దిబ్బడేసిందని చెప్పి పెట్టేశాను. సెలవుకొచ్చిన మీ మేస్త్రీ ఈ రాత్రి బండికే తిరిగొస్తున్నాడు, ఇది అతని చేతికిస్తున్నాను.

ఆసుపత్రిలోనూ నన్ను ముక్కు కడుక్కోమని మామయ్య పోరుతూనే ఉన్నారు. ఇందాక కడుక్కుని మంచం దగ్గరకు రాగానే కళ్ళు తెరిచి అదే అడిగారు. "వాసన తెలుస్తోందా అమ్మాయ్?"

కట్టులోంచి తెలుస్తోంది. అదే వాసన.

"లేదు మామయ్యా" అన్నాను.

"సరేలే, తొందరేముంది" అని కళ్ళు మూసుకున్నారు. వరండాలోకి వచ్చి నర్సుకు చెప్పాను. మీరు వెంటనే బయల్దేరి రండి.

ఇట్లు,
మీ నాన్నగారి కోడలు