ఎడమకాలి మేజోడు

తమ్ముడికి,
నీ పెళ్ళి పందిట్లో అందరి ముందూ "మా అన్నకి కాళ్ళే గాని తలకాయ లేదు" అన్నావు. ఇరవై ఏళ్ళయినా ఆ మాట మరవలేదు. ఆ కాళ్ళతోనే మేజోళ్ళ కంపెనీలో కూడు తిన్నాను. ఎడమకాలికి కొత్త రకం, కుడికాలికి పాత రకం తొడుక్కుని కొండెక్కి దిగి, ఎక్కడ ఒరుసుకుందో చెప్పడం నా పని. మొన్న పల్చటి ఉన్ని కలిపిన రకం ఇచ్చారు. దిగొచ్చి "పువ్వులా ఉంది" అన్నాను. బూటు విప్పితే ఎడమ మడమంతా నెత్తురు. అదే రకం వేసుకుని కొండదారిలో సైకిలు తొక్కి చూసే కుర్రాడు "తాతా, నీ కాలు నీతో మాట్లాడ్డం మానేసింది" అని నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు, ఇక పనికి రావద్దన్నాడు. డాక్టరు రెండు పాదాల్లోనూ సూది గుచ్చాడు, నాకు తెలియనే లేదు. పోయిన స్పర్శ ఇక తిరిగి రాదట.

శనివారం కంపెనీ గది ఖాళీ చెయ్యాలి. మీ మెట్ల కింద మడతమంచం ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా? మరదలి మోకాలు తగ్గిందా? ఆవిడని అడిగే రాయి. పిల్లలకు నా దీవెనలు.

నేను బతిమాలడం లేదు. నువ్వు ఉన్నాయన్న కాళ్ళు కూడా ఇప్పుడు లేవు, అంతే. రమ్మంటావో వద్దంటావో, శుక్రవారానికల్లా నా చేతికి అందేలా రాయి.