ఆ పైపు నోట పెట్టకు బావా

బావా, పాపకి పొద్దున్నుంచి వాంతులు, విరేచనాలు. నీ ఫోను కలవట్లేదు. గాజువాకలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తన్నాను. నువ్వు డ్యూటీ నుంచి రాగానే లోపలికి రాకు. గుమ్మం దగ్గర బకెట్టు, సబ్బు పెట్టాను. చేతులు, మొహం బాగా కడుక్కో. ఆ బట్టలు విడిగా నానెయ్. అన్నం వండాను, రెండు ముద్దలు తినేసి డాక్టరు దగ్గరికి రా.

నువ్వు రోడ్డు డివైడర్ మొక్కలకి పోసేది మురుగునీళ్లే, నీళ్లు రాడానికి ట్యాంకర్ పైపుని నోటితో పీల్చొద్దని ఎంత మొత్తుకున్నాను! "శుద్ధి సేసిన నీలే గదా, ఏటవుద్ది?" అన్నావు. నీతో పాటు అదే పైపు పీల్చిన మీ ట్యాంకర్ టిమోతి పచ్చకామెర్లతో మంచం పట్టాడు. డాక్టరు అడిగితే నానేటి చెప్పను?

కేథరిన్

నిన్న వచ్చీరాగానే పాపని ఎత్తుకుని ముద్దెట్టుకున్నావు. అప్పటికి నోరు కడుక్కున్నావా?