ఆయన ఆగిన చోట నవ్వాను

నవంబర్ 14, 1982, ఆదివారం

ఈరోజు వాల్టర్‌గారి మనసు నొప్పించాను. ఒకప్పుడు రేడియోలో, తర్వాత టీవీలో దేశాన్నంతా నవ్వించిన మనిషి. ఇప్పుడు మా ఓల్డేజ్ హోమ్‌లో పన్నెండో గదిలో ఉంటారు. మందులిచ్చే నర్సునైన నేనే ఆయనకి మిగిలిన ప్రేక్షకురాలిని.

జోక్ అయిపోగానే ఆయన కదలకుండా ఆగుతారు. నవ్వు వచ్చేదాకా మాట్లాడకపోవడం రేడియోలో అబ్బిన అలవాటట. గుంటూరు నుంచి ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. అందుకని ఆయన ఆగితే నవ్వడం నేర్చుకున్నాను. ఇప్పుడు అంతా అర్థమవుతున్నా ఆ అలవాటు పోలేదు.

ఈ మధ్యాహ్నం గుర్రాన్ని అమ్మబోయిన రైతు జోక్ మొదలుపెట్టి, సగంలో ఆగారు. నేను పకపకా నవ్వేశాను.

"ఇంకా అవలేదు కరుణా. తర్వాతది గుర్తు రావడం లేదు," అన్నారు.

ఆయన కిటికీ వైపు తిరిగి, "టీవీలో ఇలాంటి నవ్వే రికార్డు చేసి పెట్టుకునేవాళ్లు. నేనేం చెప్పినా దాన్నే తెచ్చి కలిపేవాళ్లు. అది భరించలేకే టీవీలో చేయడం మానేశాను," అన్నారు.

ఇంటికొచ్చి చెబితే ఈయన, "డ్యూటీ అయ్యాక కూడా వర్రీ అవుతావేంటి? పెద్దాయన, రేపటికి మర్చిపోతార్లే," అన్నారు.

మర్చిపోతారనే కదా నా భయం. రేపు నా నవ్వుతో పాటు ఇంకేం మర్చిపోతారో...

ఆ జోక్ ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. చివరిదాకా నాకు కంఠతా వచ్చు. ఆ ఒక్క మాట అందించాల్సింది పోయి, నవ్వాను.